బాబాసాహెబ్ తినని మధ్యాహ్న భోజనం

పినపాక నుంచి మణుగూరు వైపు ప్లాంటు పనికెళ్లే అన్నలారా, అక్కలారా, మీరు సద్ది విప్పే ఆ అరగంట ఊరికే రాలేదు.

లండన్‌లో చదువుకునే రోజుల్లో బాబాసాహెబ్ దగ్గర మధ్యాహ్నం తిండికి డబ్బుల్లేవు. పొద్దంతా బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో చదివి, రాత్రికి నాలుగు అప్పడాలు కాల్చుకుని సరిపెట్టుకునేవారు. చిన్నప్పుడైతే, బడిలో ప్యూను రాని రోజు మంచినీళ్లూ లేవు. ఆకలిదప్పులు ఆయనకు ఇంకొకరు చెప్పాలా?

1942లో వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడయ్యారు. మరుసటేడు ధన్‌బాద్ బొగ్గుగనిలోకి తానే దిగి చూశారు. ఫ్యాక్టరీలో వారానికి 54 గంటలున్న పనిని 48కి దించిన 1946 బిల్లు ఆయన పెట్టిందే. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ ఆ 48 గంటలే నిలిచాయి. ఏకబిగిన అయిదు గంటలకు మించి పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 2025 దాకా అమల్లో ఉన్న ఆ చట్టంలో ఉండేది. ఆ చట్టం లెక్కలో కాంట్రాక్టు కూలీ కూడా కార్మికుడిగానే ఉండేవాడు.