రాక్షసగుళ్ల గుట్టు వెదికిన టేలర్ దొర

కృష్ణా, భీమా నదుల నడుమ నేటి యాదగిరి, కలబురగి జిల్లాల పల్లెల్లో తిరిగేవారికి పొలాల అంచున, గుట్టల వాలున కొన్ని వింత కట్టడాలు కనిపిస్తాయి. బండలను గోడలుగా నిలబెట్టి, పైన ఒక పెద్ద బండను కప్పిన చిన్న గదులు కొన్ని. గుండ్రంగా పేర్చిన రాళ్ల వలయాలు మరికొన్ని. తెలుగువారు వీటిని రాక్షసగుళ్లనీ, పాండవగుళ్లనీ అంటారు. కన్నడిగులకు ఇవి మోరియర మనెలు, అంటే మరుగుజ్జులు కాపురమున్న ఇళ్లు. తమిళసీమలో పాండుకుళి అన్న పేరుంది. బండల బరువు చూసినవారికి రాక్షసులు తోచారు, గది వైశాల్యం చూసినవారికి మరుగుజ్జులు తోచారు. ఒకే కట్టడానికి ఇద్దరు కర్తలు!

ఈ కట్టడాల ముందు నిలబడి కథతో సరిపెట్టుకోక, గడ్డపార పట్టించి లోపల ఏముందో చూసినవాడు ఫిలిప్ మెడోస్ టేలర్. ఠగ్గుల మీద నవల రాసిన ఆంగ్లేయుడిగా ఆయన లోకానికి సుపరిచితుడు. దక్కను సమాధులను శాస్త్రీయంగా తవ్విన తొలివాడుగా ఆయనను ఎరిగినవారు తక్కువ.

టేలర్ 1808 సెప్టెంబరు 25న ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జన్మించాడు. తండ్రి వర్తకుడు. వ్యాపారం దెబ్బతినడంతో, కొడుకును పదిహేనేళ్ల వయసులోనే బొంబాయిలోని ఒక వర్తక సంస్థలో గుమాస్తాగా పనిచేయడానికి పంపించాడు. 1824 సెప్టెంబరులో ఓడ దిగిన కుర్రవాడికి ఆ సంస్థ కూడా దివాలా అంచున ఉన్నదని తెలిసింది. బొంబాయి ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న ఒక బంధువు జోక్యంతో నిజాం సైన్యంలో చిన్న అధికారి ఉద్యోగం దొరికింది. ఈస్టిండియా కంపెనీ కొలువు కాక నిజాం కొలువు కావడం ఆయన జీవితాంతం పదవోన్నతికి అడ్డంకే అయింది. ఆ కొలువే ఆయనను ఇంగ్లీషు దొరల బంగళాల నుంచి దూరం చేసి, దక్కను పల్లెల నడుమకు చేర్చింది. హిందుస్తానీ, మరాఠీ, పారశీక భాషలు నేర్చాడు. తుల్జాపూరు ప్రాంతంలో పోలీసు వ్యవహారాలు చూశాడు. సికింద్రాబాదు చేరువలోని బొల్లారంలో బజార్ల పర్యవేక్షకుడిగా ఉన్నాడు. హైదరాబాదులో పేరుమోసిన షాహుకారు విలియం పామర్ కుమార్తె మేరీని వివాహమాడాడు. పామర్ తల్లి భారతీయురాలు. 1839లో అచ్చయిన ఠగ్గుల నవల ఆయనను ఇంగ్లండులో ప్రసిద్ధుడిని చేసింది. 1844లో మేరీ మరణించింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

ఆ సమయానికి ఆయన సురపురంలో ఉన్నాడు. ఇంగ్లీషు కాగితాల్లో షోరాపూర్ అని రాసే ఈ సంస్థానం బేడ నాయకులది. తెలుగునాట బోయలుగా పిలిచేవారూ, వీరూ ఒక్కటే. రాజు కృష్ణప్ప నాయకుడు మరణించగా వారసుడు వెంకటప్ప నాయకుడు పసివాడు. రాణి ఈశ్వరమ్మకూ, దర్బారు వర్గాలకూ నడుమ కలహాలు చెలరేగాయి. ఖజానా ఖాళీ. సంస్థానాన్ని చక్కదిద్దే బాధ్యత టేలర్ మీద పడింది. 1853లో యువరాజు చేతికి అధికారం అప్పగించేవరకు ఆయన అక్కడే ఉండి రోడ్లు వేయించాడు, లెక్కలు సరిచేశాడు, పాతకాలపు బోనాళ చెరువును బాగుచేయించాడు. కొండ మీద ఆయన కట్టించుకున్న ఇల్లు టేలర్ మంజిల్ పేరుతో ప్రసిద్ధమైంది. పసిరాజు ఆయనను అప్పా అని పిలిచేవాడు.

పాలన పనుల మీద ఊరూరా తిరిగే ఆ రోజుల్లోనే టేలర్ కళ్లు ఈ రాళ్ల మీద పడ్డాయి. ఆయనకు ముందు బాబింగ్టన్ అనే ఆంగ్లేయుడు మలబారులో ఇలాంటి సమాధులను తెరిచి, వాటి గురించి రాయగా 1823లో అచ్చయింది. అయితే నాటి తవ్వకాలలో అధికభాగం కుండల కోసమో, నిధుల కోసమో గొయ్యి తీయడమే. కావలసిన వస్తువు పైకి తీయగానే పని ముగిసేది.

భీమా ఒడ్డున ఫిరోజాబాదుకు చేరువలోని జేవర్గి వద్ద టేలర్ అనుసరించిన పద్ధతి వేరు. బావి తవ్వేవారికి పొరల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. పైన సాగుమట్టి, కింద రేగడి, ఆపైన గరప, సుద్ద, ఏది ఎంత లోతున మొదలైందో బావి గోడే చెబుతుంది. టేలర్ రాతివలయం నడుమ తవ్వించి, లోపలి దృశ్యాన్ని నిలువుకోతగా గీశాడు. పైన ఏ రాళ్లు పోశారు, వాటి కింద ఎలాంటి మట్టి, ఏ లోతున ఎముకలున్నాయి, కుండలు ఎముకలకు ఏ పక్కన ఉన్నాయి, రాతిపెట్టె అడుగు ఎక్కడ తగిలింది, అన్నీ ఆ బొమ్మలో చేరాయి. తవ్విన సమాధి మళ్లీ తవ్వడానికి ఉండదు. మిగిలేది ఆ కాగితమే. ఈ సంగతి గ్రహించినవారు ఆ కాలంలో యూరపులో కూడా బహు కొద్దిమంది.

ఆ సమాధుల్లో ఇనుప బల్లెపు మొనలు, బాణపు మొనలు దొరికాయి. లోపలి వైపూ మూతి దగ్గరా నల్లగా, కింద ఎర్రగా ఉండే నునుపైన కుండలు దొరికాయి. కుండను ఊకలోనో బూడిదలోనో బోర్లించి కాల్చినప్పుడు గాలి తగలని భాగం నలుపెక్కుతుంది, గాలి తగిలిన భాగం ఎరుపెక్కుతుంది. కొన్నిచోట్ల మనుషుల పుర్రెలు మొండాలకు దూరంగా పడి ఉన్నాయి. ఆ దృశ్యం చూసిన టేలర్ అక్కడ నరబలి జరిగిందని నిశ్చయించుకున్నాడు. నేటి పండితులు అంత తొందరపడరు. శవాన్ని ముందు ఒకచోట వదిలి, తర్వాత ఎముకలను ఏరి మరోచోట పాతిపెట్టే ఆచారం ఆ కాలంలో ఉండేదని అనేక తవ్వకాలు రుజువు చేశాయి. అలా ఏరిన ఎముకలు క్రమం తప్పి ఉండడం సహజమే. బలి అన్న మాట ఆయన కలం నుంచి జారినా, పుర్రె ఎక్కడ ఉందో, మొండెం ఎక్కడ ఉందో ఆయన విడిగా చెప్పి ఉంచినందువల్లనే ఆయనతో విభేదించడం తరువాతివారికి సాధ్యమైంది.

రాజనకోళూరు వద్ద భూమి మీద నిలిచిన రాతిగదులను ఆయన రెండు రకాలుగా విడదీశాడు. ఒక పక్క తెరచి ఉన్నవి కొన్ని, నాలుగు పక్కలా మూసినవి కొన్ని. మూసినవాటిలో ఒక బండకు గుండ్రని కంత ఉంటుంది. ఇలాంటి కంతలు దక్షిణాదిన ఎన్నోచోట్ల కనిపిస్తాయి. కొత్తగా మరణించినవారి ఎముకలనో, నైవేద్యాన్నో లోపలికి చేర్చడానికని కొందరూ, ఆత్మ వచ్చిపోవడానికని కొందరూ భావిస్తారు. షాపూరు దగ్గరి విభూతిహళ్లి ఇంకొక చిక్కుముడి. అక్కడ గది లేదు, వలయమూ లేదు. చెక్కని గుండ్లను వరుసలు తీర్చి విశాలమైన మైదానంలో పరిచారు. టేలర్ వాటిని లోకం దృష్టికి తెచ్చాడు. 1956లో ఆల్చిన్ అనే పురావస్తువేత్త ఈ ప్రాంతపు రాతివరుసలన్నింటినీ కలిపి పరిశీలించాడు. సూర్యోదయ దిక్కులతో వాటికి సంబంధముందేమో అన్న పరిశోధన తర్వాతి కాలంలో సాగింది.

ఇంత బండలను ఎవరు, ఎలా నిలబెట్టారు? సగం జవాబు ఆ నేలలోనే ఉంది. దక్కను గుట్టల్లోని నల్లసేనపు రాయి ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా విడుతుంది. భీమా లోయలోని సున్నపురాయి అయితే పలకలు పలకలుగానే దొరుకుతుంది. షాబాదు బండలు పరచిన ఇంట్లో పుట్టిపెరిగినవారికి ఈ మాట వింత కాదు. పొర విడిన బండ మీద మంట పెట్టి, వేడెక్కిన చోట దెబ్బ కొడితే పలక లేస్తుంది. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల్లో నేటికీ ఇంట తెలుగు మాట్లాడే వడ్డెర కుటుంబాల పెద్దలకు ఈ మంటపని, సమ్మెటపని తరతరాలుగా తెలుసు. గుండ్రని కంతను తొలవడానికీ, అంచులు సరిచేయడానికీ ఇనుప ఉలి చాలు. సమాధుల్లో దొరికిన ఇనుమే ఆ పనివారి చేతిలోని లోహాన్ని చూపుతున్నది.

నిలబెట్టడంలో మరింత తెలివి ఉంది. చాలాచోట్ల నాలుగు గోడబండలను మూలలు కలిపి పెట్టలేదు. ఒక్కొక్క బండ అంచు పక్కదాన్ని దాటి ముందుకు వచ్చేటట్టు, స్వస్తికం ఆకారంలో అమర్చారు. బయటి నుంచి మట్టి ఎంత నెట్టినా ఒక బండను మరొకటి ఆపుతుంది. సున్నం లేదు, మేకు లేదు. కప్పుబండను పైకెత్తనక్కర లేదు. గోడల ఎత్తు వరకు మట్టికట్ట వాలుగా పోసి, దుంగల మీద దొర్లిస్తూ, మోకులతో లాగితే అదే పైకి చేరుతుంది. ఇదంతా ఊహే అనడానికి లేదు. నాగా కొండల్లో కొయ్యబండి మీద పెద్ద రాళ్లను ఊరంతా కలిసి లాగడాన్ని 20వ శతాబ్దంలో చూసి రాసినవారున్నారు. ఒరిస్సా, ఆంధ్ర సరిహద్దు కొండల్లోని సవరలూ, గదబలూ చనిపోయినవారి పేర రాళ్లు నిలిపే ఆచారం గలవారు. అక్కడ రాయిని కదిలించేది రాక్షసబలం కాదు, బంధుబలగం, విందు.

ఎవరు అన్న ప్రశ్న దగ్గర టేలర్ తడబడ్డాడు. పదవీ విరమణ అనంతరం డబ్లినులో స్థిరపడి, 1862లో ఐరిష్ రాయల్ అకాడమీ ముందు తన తవ్వకాలన్నింటినీ వివరించాడు. ఐర్లండు, ఇంగ్లండు రాతిగదులకూ సురపురం గదులకూ పోలిక ఆయనను ముగ్ధుడిని చేసింది. సిథియనులో, కెల్టులో ఎప్పుడో దక్కనుకు వచ్చి ఉంటారని భావించాడు. నిజానికి యూరపు కట్టడాలలో అనేకం వీటికంటే వేల ఏళ్లు పాతవి. వాటిని కట్టినవారికి ఇనుమే తెలియదు. నాలుగు బండలు నిలిపి ఒకటి కప్పడం ఎక్కడివారికైనా తోచే ఉపాయం. 1947లో మార్టిమర్ వీలర్ చిత్రదుర్గం జిల్లా బ్రహ్మగిరిలో తవ్వి, ఈ సమాధులు అశోకుని శాసనమున్న ఆ ఊరి చరిత్రలో ఏ దశకు చెందుతాయో తేల్చాడు. ఆయన వేసిన కాలాన్ని తర్వాతి పరీక్షలు ఇంకా వెనక్కి జరిపాయి. దక్షిణాది బృహత్ శిలా సమాధుల్లో అధికభాగం క్రీస్తుపూర్వం మొదటి సహస్రాబ్ది నాటివని నేటి అంచనా. కట్టినవారు ఈ నేల మీద పశువులను మేపి, పంటలు పండించి, ఇనుము కరిగించినవారే.

చచ్చినవారి సమాధులను అంత ఓర్పుతో చదివిన మనిషికి, తాను పెంచిన కుర్రవాడి గతి మాత్రం చేతికి అందలేదు. 1853లో టేలర్ నలదుర్గం ప్రాంతానికి, 1857లో బీరారులోని బుల్దానాకు బదిలీ అయ్యాడు. 1858 ఆరంభంలో సురపురంలో వెంకటప్ప నాయకుడు బ్రిటిషు సేనను ఎదిరించి, ఓడి, హైదరాబాదుకు వెళ్లి పట్టుబడ్డాడు. చెరలో ఆయనను టేలర్ కలిశాడు. తిరుగుబాటుకు ప్రేరేపించినవారి పేర్లు చెప్పమంటే యువకుడు నోరు విప్పలేదు. మరణశిక్షను మొదట యావజ్జీవ ప్రవాసంగా, పిదప నాలుగేళ్ల ఖైదుగా తగ్గించారు. చెంగల్పట్టుకు తీసుకుపోతుండగా దారిలో తుపాకి పేలి ఆయన మరణించాడు. తనంత తానే కాల్చుకున్నాడని అధికార పత్రాలూ, టేలర్ స్వీయచరిత్రా చెబుతాయి. ఆ మాటను నమ్మనివారు సురపురం సీమలో ఉన్నారు. అదే ఏడాది అదే సురపురానికి కమిషనరుగా తిరిగి వెళ్లవలసివచ్చింది టేలర్‌కు. 1860లో సంస్థానం నిజాం పరమైంది. ఆ ఏడే ఆరోగ్యం చెడి ఆయన ఇంగ్లండుకు మరలిపోయాడు.

చివరి ఏళ్లలో చరిత్ర నవలలు రాశాడు. చూపు మందగించింది. 1875లో మరొకసారి హైదరాబాదు చూడవచ్చాడు గాని శరీరం సహకరించలేదు. తిరుగు ప్రయాణంలో, ఫ్రాన్సు దక్షిణ తీరాన మాంటన్ పట్టణంలో 1876 మే 13న కన్నుమూశాడు. స్వీయచరిత్రను కుమార్తె ఆలిస్ మరుసటి ఏడు అచ్చువేయించింది.

ఆయన సమాధుల వ్యాసాలు పాత సంచికల్లో చెదిరి ఉండగా, నిజాం పురావస్తు శాఖకు చెందిన గులాం యజ్దానీ వాటిని సేకరించి 1941లో ఒకే గ్రంథంగా వెలువరించాడు. వీలర్ 1954లో తవ్వకపు విద్య మీద రాసిన పుస్తకంలో జేవర్గి నిలువుకోత బొమ్మను మళ్లీ ముద్రించి, వందేళ్ల కిందటి ఆ పనిని మెచ్చుకున్నాడు. కొప్పళ జిల్లా హిరేబెణకల్‌లోని సుమారు 400 రాతికట్టడాలు 2021లోనూ, కృష్ణకు ఇవతల నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్లు 2025లోనూ యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. విభూతిహళ్లి మైదానం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఏ జాబితాకూ ఎక్కని వలయాలు పొలం గట్లకూ, కంకర క్వారీలకూ పోతున్నాయి.