కడలిగాలియు మార్కోనీయు

తపతీనది కడలిని చేరబోవుచోట వెలసిన సూరతులో నివసించు మనకు సముద్రపు గాలి క్రొత్త గాదు. ఆ గాలి రేడియో తరంగములకు సైతము దారి చూపును, ఒక్కొక్కప్పుడు దారి తప్పించును. ఈ సంగతి గుగ్లిఎల్మో మార్కోనీ జీవితమున ప్రస్ఫుటమగుచున్నది.

ఆయన 1874 ఏప్రిల్ 25వ తేదీన ఇటలీలోని బొలోనా నగరమున జన్మించెను. తండ్రి ఇటలీ దేశీయుడు. తల్లి ఐర్లండు వనిత. విశ్వవిద్యాలయ పట్టము లేకున్నను, ఇంటనే ప్రయోగములు సాగించి 1895లో కొండ కావలికి సంకేతములు పంపెను. ఆ కాలముననే మన జగదీశ చంద్ర బోసు కలకత్తాలో మిల్లీమీటర్లతో కొలవదగిన అతిహ్రస్వ తరంగములను ప్రదర్శించెను. మార్కోనీ మాత్రము దూరము నాశించి దీర్ఘతరంగముల వెంట నడచెను.

1901లో తీరపు గాలులు ఆయనను పరీక్షించినవి. సెప్టెంబరులో ఇంగ్లండునందలి పోల్డు కేంద్రపు స్తంభములు తుపానుకు కూలెను. న్యూఫౌండులాండులో బెలూను గాలికి కొట్టుకొనిపోయెను. అయినను డిసెంబరు 12న గాలిపటమునకు తీగ కట్టి, అట్లాంటిక్ ఆవలినుండి సంకేతము నందుకొంటినని ప్రకటించెను. దానిని సందేహించువారు నేటికిని కలరు. 1909లో బ్రౌనుతో కలసి నోబెలు బహుమతి నందెను.

తుదిదశలో ఆయన హ్రస్వతరంగములవైపు మరలెను. అవి కాంతివలె సూటిగా పోవుననియు, భూమి వంపు అడ్డుపడినచోట వాని పరుగు ముగియుననియు నాటి గణితము. 1932లో రోము సమీపమందలి రొక్కా ది పాపానుండి పంపిన 57 సెంటీమీటర్ల తరంగములు సుమారు 270 కిలోమీటర్ల దూరమున, సార్డీనియాలో వినవచ్చెను. లెక్కకు కుదరలేదని ఆయన ఆ ఫలితమును త్రోసివేయక లోకమునకు వెల్లడించెను. 1937 జూలై 20న రోములో కన్నుమూసెను.

ఇట్టి వింతలను వివరించు శాస్త్రము రెండవ ప్రపంచ యుద్ధకాలమున, రాడారులు వచ్చిన పిదప పెంపొందినది. నేలమీది వేడి పొడిగాలి సముద్రపు చల్లని తేమగాలిపై పరచుకొనినప్పుడు తరంగములు క్రిందికి వంగి, ఆ పొరల సరిహద్దునకును సముద్రతలమునకును నడుమ కాలువలో నీటివలె సాగిపోవును. ఆ యుద్ధకాలమున బొంబాయి రాడారుకు వేసవిలో వేయి మైళ్ళ కావలి అరేబియా తీరము కానవచ్చుట ఇందువలననే. నైరృతి ఋతుపవనము వీచి పొరలను కలగలుపగానే ఆ దారి చెదరిపోవును.

ఇది వినోదము మాత్రము గాదు. దూరపు కొండ దగ్గరి ఓడగా పొరబడవచ్చును. పొరకు పైని ఎగురు విమానము కానరాకపోవచ్చును. అందుచేత రాడారు తెరను చూచువాడు ఆనాటి గాలిని, తేమను కూడ ఎరిగియుండవలెను. ఇటలీ సముద్రముపై మార్కోనీ గమనించిన వింత మన అరేబియా సముద్రముపై ప్రతి వేసవిలోను జరుగుచునే యున్నది.