బహుభాషాకోవిదుడు బూర్గుల రామకృష్ణారావు

రాష్ట్ర బొక్కసానికి ఎవరు ఎంత చెల్లిస్తున్నారు, ఆ బొక్కసముపై ఆధారపడిన కొలువులలో ఎవరికి ఎంత పాలు దక్కుతున్నది అన్న రెండు ప్రశ్నలు ప్రతి తరములోను తలయెత్తుతూనే ఉంటాయి. బయటినుండి వచ్చినవారిని చూచి స్థానికులు భయపడడము, ఆ భయమును పక్షములవారు తమకు అనుకూలముగా మలచుకొనడము కొత్త విషయము కాదు. ఈ రెండు ప్రశ్నల నడుమ నిలిచి, ఇరుపక్షాల నిందలకు పాత్రుడై కూడ మర్యాద తప్పని రాజనీతిజ్ఞుడు కీర్తిశేషులు బూర్గుల రామకృష్ణారావు గారు. ఉర్దూ తెలుగులు రెండును వర్ధిల్లవలెనని కోరే మనవంటి కళాశాల విద్యార్థులకు ఆయన జీవితము తప్పక తెలియదగినది.

రామకృష్ణారావు గారు 1899వ సంవత్సరము మార్చి 13వ తేదీన మహబూబునగరు జిల్లా కల్వకుర్తి ప్రాంతములోని పడకల్ గ్రామములో జన్మించినారు. వారి ఇంటిపేరు పుల్లంరాజు. అయినను స్వగ్రామమైన బూర్గుల పేరే ఇంటిపేరై స్థిరపడినది. హైదరాబాదులో చదువు సాగించి, పూనాలోని ఫెర్గూసన్ కళాశాలలో గణితశాస్త్రము ప్రధానముగా బి.ఎ. పట్టము పొంది, బొంబాయి విశ్వవిద్యాలయమునుండి న్యాయశాస్త్ర పట్టము తీసుకొన్నారు. తిరిగి వచ్చి హైదరాబాదులో న్యాయవాద వృత్తి చేపట్టినారు. తరువాతి కాలమున భారత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు గారు ఒకప్పుడు వారివద్ద జూనియరుగా పనిచేసినవారే.

తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారశీకము, మరాఠీ, కన్నడము, ఆంగ్లము వారికి స్వాధీనములైన భాషలు. శంకరుల సౌందర్యలహరిని, జగన్నాథ పండితరాయల లహరులను తెనిగించిన చేతితోనే పారసీ వాఙ్మయ చరిత్రను కూడ రచించినారు. వారి సాహిత్య వ్యాసములు సారస్వత వ్యాస ముక్తావళి అను పేర వెలువడినవి. ఒక భాషను ప్రేమించుటకు మరియొక భాషను ద్వేషింపనక్కరలేదని వారు ఉపన్యాసములతో కాక గ్రంథములతో నిరూపించినారు.

నిజాము రాజ్యములో తెలుగు మాటకు సభలలో గౌరవము లేని రోజులవి. 1921లో హైదరాబాదున ఆంధ్ర జనసంఘము ఏర్పడినపుడు మాడపాటి హనుమంతరావు గారితోపాటు పూనుకొన్నవారిలో రామకృష్ణారావు గారు ఒకరు. 1931లో దేవరకొండలో జరిగిన రెండవ ఆంధ్ర మహాసభకు వారు అధ్యక్షత వహించినారు. తరువాత స్టేట్ కాంగ్రెసులో ప్రముఖులై జైలు జీవితమును అనుభవించినారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసిన పిమ్మట, 1950లో వెల్లోడి మంత్రివర్గములో రెవెన్యూ మంత్రి అయినారు. ఆ సంవత్సరమే వచ్చిన కౌలుదారీ చట్టము దున్నేవానికి కొంత రక్షణ కల్పించినది. 1952 మార్చిలో, తొలి సాధారణ ఎన్నికల అనంతరము, వారు హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయినారు.

పదవి చేపట్టి ఆరు నెలలైనా నిండకముందే ముల్కీ సమస్య వారిని చుట్టుముట్టినది. ముల్క్ అనగా దేశము. ముల్కీ అనగా ఆ దేశపువాడు. 1919 నాటి నిజాము ఫర్మానా ప్రకారము సంస్థానములో ఉద్యోగము పొందవలెనన్న పదునైదేండ్ల నివాసము ఉండవలెను. పోలీసు చర్య తరువాత పాలనా యంత్రాంగమును మార్చు నెపముతో పొరుగు ప్రాంతములనుండి పలువురు ఉద్యోగులు వచ్చినారు. ఉర్దూలో చదువుకొన్న స్థానిక యువకులు తమ చదువునకు విలువ పోయినదని క్రుంగిపోయినారు. దొంగ ముల్కీ పత్రములతో కొలువులు పొందుతున్నారన్న ఆరోపణతో 1952లో వరంగల్లున మొదలైన విద్యార్థుల ఆందోళన రాజధానికి ప్రాకినది. సెప్టెంబరు 3, 4 తేదీలలో హైదరాబాదు సిటీ కళాశాల పరిసరములలో కాల్పులు జరిగి విద్యార్థులు ప్రాణములు కోల్పోయినారు. ప్రభుత్వము న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డి గారిచేత విచారణ జరిపించినది. ఫిర్యాదుల పరిశీలనకు మంత్రివర్గ ఉపసంఘమును నియమించినది. అయినను ఆ నెత్తుటి మచ్చ రామకృష్ణారావు గారి పాలనపై పడక తప్పలేదు.

ఇక పన్నుల ముచ్చట. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రము మొదటినుండి ధనకొరతతో బాధపడినది. మద్రాసు ప్రభుత్వ కాలమునుండి వచ్చిన మద్యనిషేధము అక్కడ అమలులో ఉండుటచే కల్లు, సారాల రాబడి లేదు. నిషేధమును గూర్చిన రామమూర్తి సంఘ నివేదికపై రేగిన వివాదములోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వము ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. తెలంగాణమున పరిస్థితి వేరు. అక్కడ భూమిశిస్తు భారము హెచ్చు. అబ్కారీ రాబడి ఏడాదికి సుమారు 5 కోట్ల రూపాయలు. 1955లో ఫజల్ అలీ సంఘము తన నివేదికలో ఈ తేడాను స్పష్టముగా పేర్కొని, తెలంగాణమును కొంతకాలము ప్రత్యేకముగా హైదరాబాదు రాష్ట్రమను పేర ఉంచవలెనని, 1961 ప్రాంతమున జరుగు ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండువంతుల మంది అంగీకరించినచో విలీనము చేయవచ్చునని సూచించినది.

దానితో పక్షములు చీలినవి. కమ్యూనిస్టులు విశాలాంధ్రను కోరినారు. కాంగ్రెసులో కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి గార్లు ప్రత్యేక రాష్ట్రము వైపు నిలిచినారు. తమ శిస్తు, తమ అబ్కారీ సొమ్ము కోస్తా లోటు పూడ్చుటకే పోవునని, ముందుకు వచ్చిన డెల్టా విద్యావంతులు కొలువులను, డబ్బున్న రైతులు భూములను చేజిక్కించుకొందురని వారి భయము. నిజాంసాగరు ఆయకట్టున కృష్ణా, గోదావరి మండలముల రైతులు అప్పటికే భూములు కొని స్థిరపడి ఉండుటచే ఆ భయము ఊహామాత్రము కాదు. రెండవ పక్షమువారి వాదనయు తీసివేయదగినది కాదు. వచ్చినవాడు నోరు మాత్రమే తెచ్చుకొనడు, రెండు చేతులు కూడ తెచ్చుకొనును. బీడును మాగాణి చేసి తానును శిస్తు కట్టును అని వారనిరి.

రామకృష్ణారావు గారు తొలుత తెలంగాణ ప్రజల మొగ్గును అధిష్ఠానమునకు నివేదించి, తుదకు విశాలాంధ్రకు సమ్మతించినారు. సమ్మతి ఊరక ఇయ్యలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందముపై తెలంగాణ పక్షమున వారు, రంగారెడ్డి, చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు గార్లు, ఆంధ్ర పక్షమున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న గార్లు, మన పశ్చిమ గోదావరికి చెందిన అల్లూరి సత్యనారాయణరాజు గారు సంతకములు చేసినారు. ఉమ్మడి పాలన ఖర్చును దామాషాగా భరించి తెలంగాణ మిగులును ఆ ప్రాంతమునకే వెచ్చించుట, కొలువులకు పన్నెండేండ్ల నివాస నియమము, వ్యవసాయ భూముల అమ్మకముపై ప్రాంతీయ మండలి అదుపు, ఉర్దూకు అయిదేండ్లపాటు యథాస్థితి అందులోని ముఖ్యాంశములు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించినది. ముఖ్యమంత్రి పదవి సంజీవరెడ్డి గారికి దక్కినది. తన రాష్ట్రము మూడు ముక్కలై, తన పదవి అంతరించిపోవునని ఎరిగియే రామకృష్ణారావు గారు సంతకము చేసినారు. పిదప కేరళకు, 1960 నుండి 1962 వరకు ఉత్తరప్రదేశమునకు గవర్నరుగాను, అటుపై రాజ్యసభ సభ్యులుగాను సేవచేసి, 1967 సెప్టెంబరులో పరమపదించినారు.

వారు కన్నుమూసిన రెండేండ్లకే ఆ ఒప్పందము బీటలువారినది. 1969లో తెలంగాణ భగ్గుమన్నది. నివాస నియమపు చట్టములోని కీలకమైన సెక్షనును సుప్రీంకోర్టు కొట్టివేసినది. మిగులు నిధుల లెక్క తేల్చుటకు సంఘములు వేయవలసి వచ్చినది. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లునని అదే కోర్టు తీర్పు చెప్పగా కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమము చెలరేగినది. తుదకు 2014 జూన్ 2న రెండు రాష్ట్రములు వేరైనవి. రామకృష్ణారావు గారి లోపమెక్కడ అని విమర్శకులు వెదకుదురు. పెద్దమనుషుల మాటను చట్టమంత బలమైనదని నమ్ముటయే ఆ లోపమని నా అభిప్రాయము. ఏటేటా లెక్క చూపించు బాధ్యత ఎవరిదో, చూపనినాడు అడుగు అధికారము ఎవరిదో ఆ కాగితము గట్టిగా చెప్పలేకపోయినది. లెక్క దాచినచోట అనుమానము పుట్టును. అనుమానము ముదిరినచోట పొరుగువాడు పగవాడగును.

విద్యార్థులారా! మన ఏలూరు ఒకప్పుడు నిజాము ఏలుబడిలోని సర్కారు. 1766 సంధితో ఆంగ్లేయుల పరమైనది. మన ఊరికి పేరు తెచ్చిన తివాసీల నేత పర్షియానుండి వలస వచ్చినవారు తెచ్చిన విద్య అని పెద్దలు చెప్పుదురు. ఏలూరు, తాడేపల్లిగూడెముల బిడ్డలు నేడు ఉద్యోగములకై హైదరాబాదు పోవుచున్నారు. బుడమేరు, తమ్మిలేరుల నీటిని చేర్చుకొని ఉప్పుటేరు ద్వారా కడలికి పంపు కొల్లేటివలె ప్రతి సీమయు కొందరిని రానిచ్చును, కొందరిని పోనిచ్చును. వచ్చినవానిని ఆదరించుట ధర్మము. ఉన్నవాని పాలు తగ్గకుండ లెక్క చెప్పుట కూడ ధర్మమే. ఈ రెండు ధర్మములను ఒకే కాగితముపై వ్రాయ యత్నించిన బూర్గుల వారిని స్మరించి, వారు పూర్తిచేయలేకపోయిన పనిని నేర్చుకొనుట మన విధి.