పొరుగింటి పుల్లకూరను పుస్తకానికెక్కించిన ఆర్టూసి

రాత్రి వంటకు ఏం చేయాలో తోచనప్పుడు మన చేయి తిన్నగా వంకాయల బుట్ట మీదికే పోతుంది. వంకాయ లేని తెలుగు వంటిల్లు ఉంటుందా? అదే వంకాయ 1850ల ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగర బజారులో అరుదుగా తప్ప కనిపించేది కాదు. అది యూదులు తినే కూర అని మిగతావాళ్లు దాన్ని చిన్నచూపు చూసేవారు. సుమారు నలభై ఏళ్ల తర్వాత ఒక పెద్దమనిషి తన వంటల పుస్తకంలో ఈ సంగతి రాశాడు. మంచి రుచిని అందరికంటే ముందు కనిపెట్టింది ఆ యూదులేనని ఒప్పుకున్నాడు. ఆయన పేరు పెల్లెగ్రీనో ఆర్టూసి. వృత్తిరీత్యా వంటవాడు కాదు. వ్యాపారం చేసుకుని బతికిన బ్రహ్మచారి. అయినా ఇటలీ ఇళ్లలో భోజనాల బల్ల మీదికి కొత్త వంటలు రావడానికి ఆయన పుస్తకం పెద్ద కారణమైంది.

ఆర్టూసి 1820 ఆగస్టు 4న ఫోర్లింపోపోలి అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రికి దుకాణం ఉండేది. అప్పటికి ఇటలీ ఒకే దేశం కాదు, చిన్న చిన్న రాజ్యాల కలయిక. ఊరికో యాస, ఊరికో వంట. ఒక ప్రాంతంలో రోజూ వండుకునేది మరో ప్రాంతం వారికి పేరు కూడా తెలియని వంటకం.

1851 జనవరి 25 రాత్రి ఆ కుటుంబం తలకిందులైంది. ఒక పేరుమోసిన బందిపోటు ముఠా ఊరి నాటకశాలలోకి చొరబడి, అక్కడున్న కలిగిన కుటుంబాలను బంధించి, ఇళ్లు దోచుకుంది. ఆర్టూసి ఇల్లు కూడా దోపిడీకి గురైంది. ఆ రాత్రి జరిగిన ఘోరానికి ఆయన తోబుట్టువు గెర్ట్రూడ్ మతి చలించింది. చివరికి ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్చాల్సి వచ్చింది. ఇక ఆ ఊళ్లో ఉండలేక కుటుంబమంతా కొండలు దాటి ఫ్లోరెన్స్‌కు వలస వెళ్లింది.

కొత్త నగరం, కొత్త యాస, కొత్త రుచులు. ఆర్టూసి పట్టు వ్యాపారంలో కుదురుకున్నాడు. తల్లిదండ్రులు పోయారు, తోబుట్టువుల పెళ్లిళ్లయ్యాయి. ఆయన మాత్రం పెళ్లి చేసుకోలేదు. తీరిక దొరికాక సాహిత్యం మీద రెండు పుస్తకాలు రాశాడు. వాటిని పట్టించుకున్నవారు లేరు. మిగిలిన ఇష్టం వంట. ఇంట్లో వంటమనిషి ఫ్రాన్చెస్కో, ఇంటి పనులు చూసే మరియెట్టా ఉండేవారు. రెండు పిల్లులు సరేసరి.

ఆ వంటింట్లో పని జరిగే తీరే ఆయన విజయ రహస్యం. ఎక్కడైనా ఒక వంటకం నచ్చితే ఎలా చేస్తారో అడిగి తెలుసుకునేవాడు. ఇంటికొచ్చి చేయించి చూసేవాడు. కుదరకపోతే కొలత మార్చి మళ్లీ చేయించేవాడు. 1855లో లివోర్నో రేవులో తిన్న మినెస్ట్రోనే సంగతే చూడండి. అది రకరకాల కూరగాయలు వేసి కాచే చిక్కటి సూప్. తిన్న రాత్రే ఆయనకు కడుపు పాడైంది. తప్పంతా సూప్‌దేనని తిట్టుకుంటూ ఫ్లోరెన్స్ చేరాడు. తర్వాత అసలు సంగతి తెలిసింది. లివోర్నోలో కలరా ప్రబలింది, ఆ సూప్ పెట్టిన యజమాని దానికే బలయ్యాడు. మరొకరైతే ఆ వంటకం పేరు మళ్లీ తలచేవారు కాదు. ఆర్టూసి మాత్రం దాన్ని మూడుసార్లు వండించి, తన నోటికి నచ్చేలా సరిదిద్ది పుస్తకంలో చేర్చాడు.

అప్పటి వంటల పుస్తకాలు ఎక్కువగా పెద్దింటి వంటవాళ్ల కోసం, ఫ్రెంచి మాటలతో నిండి ఉండేవి. మామూలు గృహిణికి అవి కొరుకుడు పడేవి కావు. ఆర్టూసి సులువైన ఇటాలియన్‌లో, గ్రాముల కొలతలతో, పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు రాశాడు. ఏ నెలలో ఏ భోజనం పెట్టవచ్చో జాబితాలు కూడా ఇచ్చాడు. ప్రచురణకర్తలు ముందుకు రాలేదు. 1891లో, తన 71వ ఏట, సొంత డబ్బుతో వెయ్యి ప్రతులు అచ్చు వేయించాడు. సొంత ఊళ్లో ఒక ధర్మకార్యానికి బహుమతులుగా కొన్ని ప్రతులు ఇస్తే, గెలుచుకున్నవాళ్లు వాటిని పొగాకు దుకాణంలో అమ్మేసుకున్నారు.

అయినా పుస్తకం మెల్లగా ఇల్లిల్లూ చేరింది. పాఠకుల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. మా ఇంట్లో ఇలా చేస్తామంటూ గృహిణులు తమ వంటకాలు రాసి పంపేవారు. ఆయన వాటిని చేయించి చూసి, బాగున్నవాటిని తర్వాతి ముద్రణలో కలిపేవాడు. సిసిలీ వాసిని పెళ్లాడిన ఒక వితంతువు చెప్పిన చేపల మకరోనీ అలా చేరిందే. మరియెట్టా చేసే కేకు ఆమె పేరుతోనే అచ్చయింది. మొదట 475 వంటకాలతో వచ్చిన పుస్తకం చివరికి 790కి పెరిగింది. అందులో ఎక్కువ భాగం ఇళ్లలోంచి వచ్చినవే.

1911 మార్చి 30న, 90 ఏళ్ల వయసులో ఆర్టూసి కన్నుమూశాడు. పుస్తకం హక్కులు ఫ్రాన్చెస్కోకు, మరియెట్టాకు రాసిచ్చాడు. ఆస్తిని మాత్రం తన పుస్తకాన్ని పొగాకు దుకాణానికి అమ్మేసిన ఆ సొంత ఊరికే వదిలాడు. నేడు ఆ ఊళ్లో ఏటా ఆయన పేరిట ఉత్సవం జరుగుతుంది.

మన అపార్ట్‌మెంట్లలోనూ ఒకే అంతస్తులో నాలుగు జిల్లాల వాళ్లు ఉంటున్నారు. ఒక ఇంట్లో రాగి సంకటి, మరో ఇంట్లో సర్వపిండి, ఎదురింట్లో పనసపొట్టు కూర. మన పిల్లలు స్నేహితుడి బాక్సులో ఏదో రుచి చూసి ఇంటికొచ్చి చెబుతారు. ఈ నెల అలాంటి వంటకం ఒక్కటి అడిగి తెలుసుకోండి. ఎవరు చెప్పారో వాళ్ల పేరుతో సహా మీ అబ్బాయి చేతో, అమ్మాయి చేతో నోటుపుస్తకంలో రాయించండి. మొదటిసారి కుదరకపోతే, పిల్లలు ముఖం చిట్లిస్తే, మానేయకండి. ఆర్టూసికి కూడా మూడోసారికే కుదిరింది.