అశ్విక సైనికుడు హెన్రీ ఫ్లిప్పరు

అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, థామస్‌విల్ పట్టణమందు, 1856 మార్చి 21వ తేదీన హెన్రీ ఫ్లిప్పరు జన్మించెను. తండ్రి ఫెస్టస్ చెప్పులు కుట్టువాడు. తల్లి బానిస కావున బిడ్డయు బానిసయే, ఆనాటి శాసనమట్టిది.

1865లో బానిసత్వము తొలగెను. అట్లాంటాలో చదువుకొని, హెన్రీ 1873లో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయమున చేరెను. నాలుగేండ్లు తెల్లజాతి సహాధ్యాయులు విధికి అవసరమైనంత తప్ప అతనితో పలుకరైరి. వెలి యనగా నేమో మా విద్యార్థులకు నిఘంటువు చూడకయే తెలియుననుకొందుము. 1877లో 76 మందిలో 50వ వాడుగా ఉత్తీర్ణుడయ్యెను. అంతకుముందు నల్లజాతివాడెవ్వడును అచ్చట పట్టము పొందలేదు.

అతనికి 10వ అశ్విక దళమున ఉద్యోగమైనది. అందు సైనికులు నల్లవారు, అధికారులు తెల్లవారు; ఆ వరుస ఇతనితో మారెను. ఫోర్ట్ సిల్ అను కోట చుట్టును నీరు నిలిచి, సైనికులు చలిజ్వరముతో బాధపడుచుండిరి. ఫ్లిప్పరు వాలు కొలిచి, కాలువ త్రవ్వించి, ఆ నీటిని తీయించెను. దోమకును మలేరియాకును గల సంబంధమును రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో కనుగొన్నది 1897లో గదా! అంతకు చాల ముందటి మాట యిది. ఆ కాలువకు నేటికిని ఫ్లిప్పరు పేరే.

1880లో అపాచీ నాయకుడు విక్టోరియోపై సాగిన దండయాత్రలో, వార్త నందించుటకై 22 గంటలలో 98 మైళ్లు స్వారీ చేసితినని అతడు వ్రాసికొనెను. అపాచీలు తమ నేలకొరకే పోరిరన్న సంగతియు మేము మరువజాలము.

1881లో టెక్సాసునందలి ఫోర్ట్ డేవిస్‌లో అతడు సరుకుల అధికారిగా నుండగా, లెక్కలో సొమ్ము తక్కువ పడెను. అతడు భయపడి లోటును దాచెను. పై అధికారి షాఫ్టరుతో అసత్యమాడెను. ఈ తప్పును మేము కప్పిపుచ్చము. ఊరివారు కొలది దినములలోనే చందాలు వేసి సొమ్ము కూర్చిరి. అయినను 3,791 డాలర్లు అపహరించెనని విచారణ జరిగెను. సైనిక న్యాయస్థానము అపహరణ నేరము లేదని తేల్చియు, అధికారికి తగని నడవడి యను మరొక నేరమును మోపెను. 1882 జూన్ 30న అతని కొలువు పోయెను. అప్పటికి వయస్సు 26.

పిదప ఫ్లిప్పరు సర్వేయరుగా, ఇంజనీరుగా మెక్సికో సరిహద్దున జీవించెను. స్పానిష్ భాషలోని భూచట్టములను అతడు ఆంగ్లమున అనువదింపగా 1895లో ప్రభుత్వమే ముద్రించెను. కొలువునుండి తరిమిన ప్రభుత్వమే భూవివాదములలో అతని మాటను నమ్ముకొనెను! ఐనను తన పేరు మీది మచ్చను తుడువుమని కాంగ్రెసునకు అతడు పలుమార్లు చేసికొన్న విన్నపములు ఫలింపలేదు. 1940లో అట్లాంటాలో, తమ్ముని యింట, మరణించెను.

1976లో సైన్యము, శిక్ష మితిమీరినదని యొప్పుకొని, ఆ తొలగింపును గౌరవప్రదమైన విడుదలగా మార్చెను. 1978లో అతని అస్థులు సైనిక లాంఛనములతో థామస్‌విల్ చేరెను. 1999 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు క్లింటన్ క్షమాపత్రముపై సంతకము చేసెను.