దీనబంధు ఆండ్రూస్: తనవారి నుంచే తీర్పు మొదలుపెట్టిన క్రైస్తవుడు

దక్షిణ దిల్లీలో ఐఐటీ ప్రాంగణానికి చేరువలో ఉన్న జియా సరాయ్ పోటీ పరీక్షల అభ్యర్థులకు చిరపరిచితమైన ప్రాంతం. ఇరుకు సందులు, పుస్తకాల దుకాణాలు, జిరాక్సు కేంద్రాలు, అద్దె గదుల నడుమ తెలుగు రాష్ట్రాల యువతీయువకులు కూడా అక్కడ చదువుకుంటుంటారు. సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో 2013 నుంచి నైతికతకు 250 మార్కుల ప్రత్యేక పత్రం ఉంది. మంచి ఏది, చెడు ఏది, అధికారి ఎవరి పక్షాన నిలవాలి అన్నవి అందులోని ప్రశ్నలు.

ఆ ప్రశ్నలకు తన జీవితంతోనే సమాధానం వెతికిన ఒక వ్యక్తి పేరు జియా సరాయ్‌కి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఒక కాలనీకి ఉంది. అది ఆండ్రూస్ గంజ్. ఆ ఆండ్రూస్ పూర్తి పేరు చార్లెస్ ఫ్రీయర్ ఆండ్రూస్. మతబోధకుడిగా దిల్లీకి వచ్చిన ఆంగ్లేయుడు. ఫిజీ చెరకు తోటల్లో మగ్గిన వేలాది భారతీయ కూలీల విముక్తికి కృషి చేసి దీనబంధుగా పేరు పొందినవాడు.

క్రైస్తవ దృష్టిలో మంచిచెడుల నిర్ణయం సులభమైన పని కాదు. ఇతరులపై తీర్పరులుగా కూర్చోవద్దని, పరుల కంటిలోని నలుసుకన్నా ముందు తన కంటిలోని దూలాన్ని గమనించుకోవాలని సువార్త బోధిస్తుంది. అదే సువార్త ఆకలిగొన్నవారి, పరదేశుల, ఖైదీల పట్ల మనిషి ఎలా ప్రవర్తించాడన్నదే అంతిమ తీర్పుకు కొలమానమనీ చెబుతుంది. మొదటి బోధ మాత్రమే పట్టుకుంటే అన్యాయం ఎదుట మౌనం మిగులుతుంది. రెండవది మాత్రమే పట్టుకుంటే అహంకారం పెరుగుతుంది. ఈ రెండింటినీ కలిపి ఆచరించడానికి చేసిన సుదీర్ఘ ప్రయత్నమే ఆండ్రూస్ జీవితం.

బాల్యంలో తొలి పాఠం

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ అపాన్ టైన్‌లో జన్మించారు. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖకు బోధకుడు. తరువాత కుటుంబం బర్మింగ్‌హామ్‌కు తరలివెళ్లింది. చార్లెస్ చిన్నవాడిగా ఉన్నప్పుడే, తండ్రి నమ్మిన మిత్రుడొకరు చేసిన మోసం వల్ల తల్లికి చెందిన సొమ్ము పోయింది. ఇల్లు ఇబ్బందుల్లో పడింది. అయినా తండ్రి ఆ మిత్రుని శపించలేదు, అతని క్షేమం కోసం కుటుంబంతో కలిసి ప్రార్థించారు. చేసిన పని చెడ్డదే. అయినంత మాత్రాన ఆ మనిషిని ద్వేషించనక్కరలేదు. ఈ తొలి పాఠం ఆండ్రూస్ మనసులో జీవితాంతం నిలిచింది.

కేంబ్రిడ్జ్‌లోని పెంబ్రోక్ కళాశాలలో చదివిన రోజుల్లో, పెట్టుబడికీ శ్రమకూ మధ్య ఘర్షణపై క్రైస్తవం ఏమంటుందో పరిశీలిస్తూ ఆయన రాసిన వ్యాసానికి బహుమతి లభించింది. 1897లో ఆంగ్లికన్ చర్చిలో పురోహితుడయ్యారు. దక్షిణ లండన్‌లోని వాల్వర్త్ పేదవాడల్లో సేవ చేశారు. పాపం వ్యక్తి హృదయంలోనే కాక కూలి రేట్లలోనూ, ఇళ్ల అద్దెల్లోనూ ఉండగలదన్న ఎరుక ఆయనకు కలిగింది అక్కడే.

దిల్లీ మార్చిన మనిషి

దిల్లీలో పనిచేస్తున్న ఆప్తమిత్రుడు బేసిల్ వెస్ట్‌కాట్ 1900లో కలరాతో మరణించారు. ఆ మిత్రుని దారిలో నడవాలని ఆండ్రూస్ నిశ్చయించుకున్నారు. 1904 మార్చిలో కేంబ్రిడ్జ్ మిషన్ తరఫున దిల్లీ చేరి, సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో అధ్యాపకులయ్యారు. భారతదేశానికి చేరిన రోజును ఆయన తన రెండవ పుట్టినరోజుగా భావించేవారు.

బోధించడానికి వచ్చిన ఆయనకు దిల్లీయే గురువైంది. సహాధ్యాపకుడు సుశీల్ కుమార్ రుద్ర ఆయనకు సోదరసమానులయ్యారు. కళాశాల ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయినప్పుడు, అది ఆంగ్లేయునికే దక్కాలన్న అభిప్రాయం బలంగా ఉన్న కాలంలో, ఆండ్రూస్ రుద్ర పక్షాన గట్టిగా నిలిచారు. 1906లో రుద్ర ఆ కళాశాల తొలి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యారు. ఒకే ప్రభువును ఆరాధించేవారి మధ్య వర్ణభేదం ఉండటమే ఆండ్రూస్ దృష్టిలో చర్చి కంటిలోని దూలం.

పాత దిల్లీ పండితుడు మున్షీ జకావుల్లా పరిచయం ఆయనను మరింత కదిలించింది. ఆ వృద్ధ ముస్లిం విద్వాంసుని భక్తి, సౌజన్యం, సర్వమత సమభావం చూశాక ఒక ప్రశ్న ఆయనను వదలలేదు. నిర్ణీత విశ్వాసాన్ని అంగీకరించనివారు నశిస్తారని చెప్పే అథనాసియన్ విశ్వాస ప్రమాణంలోని శాపవాక్యాలు ఇటువంటి మనిషికి ఎలా వర్తిస్తాయి? ఆండ్రూస్ క్రీస్తును విడువలేదు. అయితే మనుషులను వెలివేసే ఆ వాక్యాలను మనస్ఫూర్తిగా పలకలేకపోయారు. తరువాతి కాలంలో, 1929లో, జకావుల్లా జీవితాన్ని గ్రంథంగా వెలువరించి ఆ స్నేహ ఋణం తీర్చుకున్నారు.

డర్బన్ రేవులో

దక్షిణాఫ్రికాలో గాంధీ నాయకత్వాన సత్యాగ్రహం ఉధృతంగా సాగుతున్న సమయం అది. ఒప్పంద గడువు ముగిసిన కూలీలపై విధించిన మూడు పౌండ్ల పన్ను, భారతీయ వివాహాలకు చట్టబద్ధత నిరాకరణ ఆ పోరాటానికి ముఖ్య కారణాలు. గోపాలకృష్ణ గోఖలే పిలుపుతో ఆండ్రూస్, మిత్రుడు విలియం పియర్సన్ బయలుదేరి 1914 జనవరి ఆరంభంలో డర్బన్ చేరారు.

రేవులో ఆండ్రూస్ వంగి గాంధీ పాదాలకు నమస్కరించారు. ఒక ఆంగ్లేయ మతగురువు భారతీయుని కాళ్లు తాకడం అక్కడి శ్వేతజాతీయులకు భరింపరాని అవమానంగా తోచింది. గాంధీకీ జనరల్ స్మట్స్‌కూ మధ్య సంప్రదింపుల్లో ఆండ్రూస్ తోడ్పడ్డారు. ఆ నెలలోనే ఇంగ్లండ్‌లో తల్లి మరణించారు. ఆయన కడచూపుకు నోచుకోలేదు. అదే సంవత్సరం వచ్చిన చట్టం మూడు పౌండ్ల పన్నును రద్దు చేసి, భారతీయ వివాహాలను గుర్తించింది.

తిరిగి వచ్చాక ఆయన మిషన్‌ను, పురోహిత బాధ్యతలను విడిచి, రవీంద్రనాథ్ ఠాగూర్ శాంతినికేతన్‌కు చేరారు. మతాంతరీకరణ చేయని మిషనరీగా ఒక వర్గం, చర్చిని వంచించినవాడిగా మరో వర్గం ఆయనను చూశాయి.

ఫిజీ తోటల్లో తెలుగువారు

1879 నుంచి 1916 వరకు 60 వేలకు పైగా భారతీయులను ఒప్పంద కూలీలుగా ఫిజీకి తరలించారు. 1903 నుంచి మద్రాసు రేవు గుండా కూడా ఓడలు నడిచాయి. అలా వెళ్లిన సుమారు 15 వేల మందిలో తమిళులు, మలయాళీలతో పాటు కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాల తెలుగువారూ ఉన్నారు. ఐదేళ్ల ఆ ఒప్పందాన్ని కూలీలు గిర్మిట్ అని పిలిచేవారు. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు ఉన్న గదిలో ముగ్గురు పురుషులు గానీ, పిల్లలతో ఒక జంట గానీ ఉండాలి. పురుషునికి రోజుకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీల కూలి. పనికి రాకపోతే జరిమానా, లేదా జైలు. నూరుగురు పురుషులకు నలభై మంది స్త్రీలను మాత్రమే పంపేవారు.

ఆండ్రూస్, పియర్సన్ 1915లో ఫిజీకి వెళ్లి, కూలీల నివాసాలను తిరిగి చూసి, వారి మాటలు విన్నారు. ఆత్మహత్యలు, హత్యలు ఎక్కువగా ఉండటానికి ఆ వ్యవస్థే మూలమని 1916 తొలి నెలల్లో నివేదిక వెలువరించారు. తోటల యజమానులందరూ దుర్మార్గులని వారు అనలేదు. మంచివాడిని కూడా క్రూరునిగా మార్చగల ఏర్పాటు అదని వారి నిర్ధారణ. సంస్కరణలు చాలవు, రద్దు ఒక్కటే మార్గమని తేల్చారు.

1916 మార్చిలో వైస్రాయ్ లార్డ్ హార్డింజ్ ఆ వ్యవస్థను రద్దు చేస్తామని ప్రకటించారు. అయినా ఆ ఏడాది నవంబరులో కూడా ఫిజీకి కూలీల ఓడ చేరింది. ప్రకటనకూ అమలుకూ మధ్య సంవత్సరాలు గడిచిపోయే ప్రమాదం ఉందని గ్రహించిన ఆండ్రూస్ దేశమంతటా ప్రచారం చేశారు. మహిళా ప్రతినిధులు వైస్రాయ్‌ను కలిశారు. 1917 మార్చిలో కూలీల తరలింపు నిలిచిపోయింది. అదే ఏడాది ఆయన మళ్లీ ఫిజీ వెళ్లి, తోటల్లో మిగిలి ఉన్నవారి విడుదల కోసం కృషి సాగించారు. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి.

ఈ విజయంలో ఒక లోపమూ ఉంది. తోటల జీవితంలోని నైతిక పతనాన్ని వర్ణించే క్రమంలో ఆ నివేదిక స్త్రీల శీలంపై అధికంగా దృష్టి నిలిపింది. బాధితులైన స్త్రీలపైనే మచ్చ పడేలా ఆ భాష ఉందని తరువాతి చరిత్రకారులు విమర్శించారు. నూరుగురికి నలభై మంది అన్న లెక్కను నిర్ణయించింది స్త్రీలు కాదు. వ్యవస్థను దోషిగా నిలబెట్టిన ఆండ్రూస్ కూడా తన కాలపు, తన వర్గపు సంకోచాల నుంచి పూర్తిగా బయటపడలేదని ఆ విమర్శ గుర్తుచేస్తుంది.

మిత్రునితోనూ విభేదం

1919లో పంజాబ్‌లో సైనిక శాసనం అమలైనప్పుడు అమృత్‌సర్‌కు బయలుదేరిన ఆండ్రూస్‌ను అధికారులు అడ్డుకుని వెనక్కు పంపారు. ఆ తరువాత ఆయన గ్రామగ్రామానికీ వెళ్లి సాక్ష్యాలు సేకరించారు. కొరడా దెబ్బలు తిన్నవారి ఎదుట, ఆంగ్లేయునిగా క్షమాపణ కోరారు. నేరం తాను చేసినది కాకపోయినా, తన జాతి పేరిట జరిగిన దానికి తనకూ బాధ్యత ఉందని భావించారు. 1921 నాటికి భారతదేశానికి సంపూర్ణ స్వాతంత్ర్యమే తక్షణ అవసరమని రాశారు.

గాంధీతో ఆయన స్నేహం అత్యంత ఆత్మీయమైనది. అయినా ఆ స్నేహం ఆయన వివేచనను కట్టిపడేయలేదు. 1918లో యుద్ధానికి సైనికులను చేర్పించే పనికి గాంధీ పూనుకున్నప్పుడు, అహింసకూ దానికీ పొసగదని వాదించారు. 1921లో విదేశీ వస్త్ర దహనాన్ని గట్టిగా ఆక్షేపించారు. బట్టలు లేనివారున్న దేశంలో బట్టలను మంటపాలు చేయడం, పరాయి మనుషుల శ్రమ ఫలాన్ని ద్వేషంతో కాల్చడం ఆయనకు సమ్మతం కాలేదు. గాంధీ ఆ విమర్శను తన పత్రికలో ప్రచురించి, సమాధానమిచ్చారు. ఇద్దరి అభిప్రాయాలూ మారలేదు, మైత్రి మాత్రం చెక్కుచెదరలేదు.

అదే ఏడాది అస్సాం తేయాకు తోటలను విడిచి వస్తూ చాంద్‌పూర్‌లో చిక్కుకుపోయిన కూలీలకు కలరా సోకినప్పుడు, ఆయన వారి మధ్య సేవ చేశారు. 1925లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. నల్లమందు వ్యాపారాన్ని ఎదిరించారు. అంటరానితనానికి వ్యతిరేకంగా సాగిన వైకోం సత్యాగ్రహానికి మద్దతు తెలిపారు. క్రీస్తుకు తాను ఎంత ఋణపడి ఉన్నదీ వివరిస్తూ 1932లో ఆత్మకథాత్మక గ్రంథం వెలువరించారు.

శస్త్రచికిత్స అనంతరం 1940 ఏప్రిల్ 5న, 69 ఏళ్ల వయసులో, కలకత్తాలో ఆయన కన్నుమూశారు. అక్కడి లోయర్ సర్క్యులర్ రోడ్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. శతజయంతి సందర్భంగా 1971లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఆండ్రూస్ జీవితంలో తీర్పులకు ఒక వరుస కనిపిస్తుంది. ఆయన ముందుగా ప్రశ్నించింది తన చర్చిని, తరువాత తన సామ్రాజ్యాన్ని, ఆపైన తన ప్రియమిత్రుని. ప్రతిసారీ ఆయన పరిశీలించింది ఆ నిర్ణయం భారం చివరకు ఎవరి వీపుమీద పడుతున్నదన్న విషయాన్ని. కొన్నిసార్లు ఆ చూపు కూడా తడబడింది. కానీ కూలీల గది కొలతలు తెలుసుకోకుండా, కొరడా గాయాన్ని దగ్గరగా చూడకుండా ఆయన తీర్పు చెప్పలేదు. గిర్మిట్ ముగిశాక ఫిజీలోనే స్థిరపడిన తెలుగువారు, ఆయన మరణించిన మరుసటి ఏడాది 1941లో, దక్షిణ ఇండియా ఆంధ్ర సంగం స్థాపించుకుని తమ భాషను, పాఠశాలలను నిలుపుకున్నారు. కూలి నంబర్లతో లెక్కించబడిన తల్లిదండ్రుల బిడ్డలు అక్కడ తమ పేర్లను తెలుగులో రాయడం నేర్చుకున్నారు.