బొత్తాలతో ఎదిగిన బౌల్టన్

చొక్కా బొత్తాం ఊడితే తప్ప దానివైపు చూడం మనం. 18వ శతాబ్దపు ఇంగ్లండులో అలా కాదు. పెద్దమనుషుల కోటుకు ముందు వరసగా, చేతుల అంచున, జేబుల మీద కూడా బొత్తాలు మెరిసేవి. వాటిలో చాలావాటికి కాజాతో పనే లేదు, సోకు కోసమే. మనిషి హోదా అక్కడే తెలిసిపోయేది.

ఆ మెరుపు వెనక ఉన్న పేర్లలో పెద్దది మాథ్యూ బౌల్టన్. 1728లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. తండ్రిది బొత్తాలు, బకిల్స్ లాంటి చిన్న లోహపు సామాన్లు చేసే పని. బౌల్టన్ చిన్న వయసులోనే బడి మానేసి అందులో దిగాడు. పదిహేడేళ్లకే బకిల్స్‌లో ఎనామెల్ పొదిగే పద్ధతి కనిపెట్టాడు. తమాషా ఏమిటంటే, ఆ సరుకు ఫ్రాన్సుకు వెళ్లి, ఫ్రెంచి ఫ్యాషన్ అనే పేరుతో మళ్లీ ఇంగ్లండుకే వచ్చేదట! పొరుగింటి పుల్లకూర రుచి మనకొక్కరికే కాదన్నమాట.

1759లో తండ్రి పోయాక భారమంతా ఆయన మీద పడింది. ఊరి బయట హ్యాండ్స్‌వర్త్ దగ్గర సోహో కార్ఖానా కట్టాడు. ఇత్తడికి బంగారు పూత పూసిన బొత్తాలు, ఉక్కు బొత్తాలు అక్కడ తయారయ్యేవి. ఉక్కు పూసలకు వజ్రంలా పలకలు తీసి, సానపట్టి, ఒక్కొక్కటే రేకుకు బిగించేవారు. దీపాల వెలుగులో అవి రవ్వల్లా మెరిసేవి. వెడ్జ్‌వుడ్ పింగాణీ బొమ్మలకు కూడా ఉక్కు చట్రం కట్టి బొత్తాలు చేశారు.

పేరు వచ్చినంతగా డబ్బు రాలేదు, అప్పులూ తప్పలేదు. అయినా 1775లో జేమ్స్ వాట్‌తో కలిసి ఆవిరి యంత్రాల వ్యాపారంలోకి దిగాడు. 1788లో టంకశాల పెట్టాడు. రేకు కోసి అచ్చు కొట్టడం బొత్తాల పనివాళ్లకు కొత్త కాదు కదా! మన ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ వేయించిన 1794 నాటి రాగి నాణేలు అక్కడ అచ్చయినవే. అవి నలభై ఎనిమిది ఇస్తే ఒక రూపాయి.

మనలాంటి పనివాళ్లం గుర్తుంచుకోవలసింది వేరే ఉంది. సోహోలో జబ్బు చేసినవాళ్లకు, దెబ్బ తగిలినవాళ్లకు ఒక నిధి ఉండేది. జీతంలో అరవయ్యో వంతు దాకా అందులో వేస్తే, మంచాన పడినప్పుడు జీతంలో 80 శాతం వరకు చేతికొచ్చేది. దానం కాదది, పనివాళ్లు దాచుకున్న సొమ్మే. అయినా ఆ రోజుల్లో అలాంటి ఏర్పాటు అరుదు. ధనికుల పిల్లల్ని కాదని, పేద పిల్లలకు, అనాథలకు పని నేర్పించాడు కూడా.

1809లో బౌల్టన్ కన్నుమూశాడు, హ్యాండ్స్‌వర్త్ చర్చిలో సమాధి చేశారు. 2011లో వచ్చిన 50 పౌండ్ల నోటు మీద వాట్ పక్కన ఆయన బొమ్మ వేశారు. 2022లో ఆ నోటు చెల్లుబాటు ఆగిపోయింది.

కొత్త పనిలో చేరేటప్పుడు జీతమెంత అని అందరం అడుగుతాం. జ్వరమొచ్చి పడుకుంటే ఎంతిస్తారని కూడా అడుగుదాం. రెండు వందల ఏళ్ల కిందటి బొత్తాల కార్ఖానాలోనే దానికి జవాబు ఉండేది.